వరదలో ఒక్కటైన వీధి ఇప్పుడిలా అయిపోయింది, మళ్లీ కలవాలంటే ఏం చేయాలి?

సింగ్‌నగర్ కోడలు:

అందరికీ నమస్కారం. మాది విజయవాడ, సింగ్‌నగర్ వైపు. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి మీద పడినప్పుడు మా వీధిలో కింది ఇళ్లన్నీ మునిగాయి. కింద ఉన్నవాళ్లంతా పై వాటాల్లోకి వచ్చేశారు, ఎదురింటి డాబా మీద ఒకే సిలిండరు, ఒకే పెద్ద గిన్నె, ఎవరింట్లో తడవకుండా మిగిలిన బియ్యం వాళ్లు తెచ్చి అందులో పోశారు. బకెట్‌కి తాడు కట్టి బాల్కనీలోంచి దించితే పడవల మీద వచ్చిన కుర్రాళ్లు పాల ప్యాకెట్లు, మంచినీళ్ల సీసాలు వేసేవాళ్లు. ముందు చంటిపిల్లలున్న ఇంటికి, తర్వాతే మిగతా వాళ్లకి. "మరి నాకో?" అన్నవాళ్లు ఒక్కరు లేరు.

ఇప్పుడూ అదే మనుషులు, కానీ వీధి వాట్సాప్ గ్రూప్ తెరవాలంటేనే టెన్షన్‌గా ఉంటోంది. పరిహారం దగ్గర మొదలైంది. కింది ఇళ్లకి 25 వేలు, పై అంతస్తుల వాళ్లకి 10 వేలు అన్నారు కదా, ఎవరి పేరు ఎక్కింది, ఎవరిది ఎక్కలేదు, ఫలానా వాళ్లకి ఎలా వచ్చింది అని ఆరాలు. అక్కణ్ణుంచి బండి ఎవరి గేటు ముందు పెట్టారు, చెత్త ఎవరు వేశారు, చివరికి కులం, పార్టీ దాకా వెళ్లింది. పైగా కాస్త మబ్బు పడితే చాలు, "మళ్లీ గండి పడింది" అంటూ ఎక్కడిదో పాత వీడియో పెట్టేస్తారు, ఇక మా అత్తయ్యగారికి ఆ రాత్రి నిద్ర ఉండదు. గ్రూప్‌లోంచి వచ్చెయ్ అంటున్నారు మా ఆయన. నాకు మనసొప్పట్లేదు. ఆ మనుషుల మంచితనం నేను కళ్లారా చూశాను. మీ దగ్గర ఎవరైనా ఇలాంటిది సరిచేసుకున్నారా?

పేట కుర్రాడు:

అక్కా, మాది రాజరాజేశ్వరిపేట, మాదీ సేమ్ కథ. బయటికి రావద్దు. మేం చేసింది ఒకటి చెప్తా, పనికొస్తుందేమో చూడండి. వరద వీడియో ఎవరు పెట్టినా తిట్టకుండా మూడే అడుగుతాం: ఎప్పటిది, ఎక్కడిది, మీరే తీశారా? జవాబు లేకపోతే అడ్మిన్ తీసేస్తాడు. ఈలోపు మా కుర్రాళ్లలో ఎవరో ఒకరు బండేసుకుని వెళ్లి కాలవ చూసొచ్చి, ఇప్పుడే తీసిన ఫొటో టైముతో సహా పెడతారు. వానాకాలంలో ఇది వంతులవారీగా నడుస్తోంది. 2005లో కూడా బుడమేరు ముంచింది కాబట్టి మా పెద్దవాళ్ల భయం ఊరికే వచ్చింది కాదు, "భయపడకండి" అంటే పోదు. నిజంగా నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో కనబడితే వాళ్ల మనసు కుదుటపడుతుంది. మీ అత్తయ్యగారికి విడిగా ఫోన్ చేసి చెప్పే మనిషిని ఒకరిని పెట్టుకోండి, గ్రూప్ మెసేజ్ కంటే అది ఎక్కువ పని చేస్తుంది.

నెల్లూరు టీచరమ్మ:

అమ్మా, నేను రిటైరైన టీచర్ని, నెల్లూరు జిల్లా. మా దగ్గర జరిగింది చెప్తాను. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం వచ్చి రాత్రి బడులు పెట్టారు. దూబగుంటలో ఆడవాళ్లు ఆ పాఠాల దగ్గర కూర్చుని సారా గురించి మాట్లాడుకున్నారు. అంతకుముందు ప్రతి ఇంట్లో ఇదే గొడవ, ప్రతి ఆడమనిషీ మొగుణ్ణి తిట్టుకుంటూనో, తలరాత అనుకుంటూనో విడివిడిగా ఏడ్చేది. అందరిదీ ఒకే బాధ అని తెలిశాక కలిసి వెళ్లి సారా కొట్టు మూయించారు. వాళ్లని ముందుండి నడిపించిన రోశమ్మగారి పేరు మీరు వినే ఉంటారు. అది జిల్లా అంతా పాకి, సారా కొట్ల వేలంపాటలు ఆగి, 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఆ తర్వాతి సంగతి. గెలిచాక ఎవరిళ్లకి వాళ్లు పోలేదు, రోజుకో రూపాయి దాచుకుంటూ పొదుపు లక్ష్మి సంఘాలు పెట్టుకున్నారు. కోపం ఎన్నాళ్లో ఉండదు కదమ్మా, నెలనెలా కలిసి కూర్చోవడానికి ఒక పని ఉంది కాబట్టి ఆ స్నేహాలు నిలబడ్డాయి. మీ వీధికి వరద పోయాక అలాంటి పని ఏదీ మిగల్లేదు, నాకు కనబడే కారణం అదే. ఫోన్‌లో నచ్చజెప్పి లాభం లేదు, ఎదురెదురుగా కూర్చోబెట్టండి.

కాలవగట్టు:

టీచరమ్మగారితో ఏకీభవిస్తాను గానీ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. "పాజిటివ్‌గా ఉందాం" అని ఎవరైనా అంటే మా వీధిలో జనానికి అనుమానం, ఎందుకంటే డ్రైనేజీ గురించి అడిగినప్పుడల్లా నోరు మూయించడానికి వాడిన మాట అదే. కాలవలో పూడిక ఉంటే ఉందనాలి, ఆక్రమణ ఉంటే ఉందనాలి. అడగడం నెగెటివ్ కాదు. కాకపోతే అడగాల్సిన చోట అడగాలి. మురుగు నిలిస్తే పక్కింటాయన్ని తిడుతూ రాత్రంతా మెసేజ్‌లు పెట్టే బదులు, ఫొటో తీసి, అర్జీ రాసి, వీధిలో అందరి సంతకాలు పెట్టించి సచివాలయంలో ఇచ్చి, తీసుకున్నట్టు రసీదు రాయించుకోండి. సంతకాల కోసం గడప గడపకీ తిరిగేటప్పుడు మాటలు లేని ఇంటికి కూడా వెళ్లాల్సి వస్తుంది, అక్కడే సగం బిగువు వదులుతుంది. పరిహారం రానివాళ్లుంటే వాళ్ల కాగితాలు పట్టుకుని తోడు వెళ్లండి. వచ్చినవాళ్ల మీద పడి ప్రయోజనం లేదు, వాళ్ల 25 వేలు ఒక ఫ్రిజ్జుకి, నాలుగు పరుపులకి సరిపోయుంటాయి.

గుణదల పిన్ని:

కార్తీకమాసంలో కాలనీ భోజనాలు పెట్టుకోండమ్మా. ఇప్పుడు వనభోజనాలంటే కులాలవారీగా బస్సులేసుకుని పోవడమైపోయింది, అది చూస్తే నాకు కడుపు మండుతుంది. మేం ఆదివారం మధ్యాహ్నం వీధిలోనే షామియానా వేయించి అందరం కలిసి తింటాం. పేరు కూడా కాలనీ భోజనాలనే పెట్టాం, మా వీధిలో చర్చికెళ్లే వాళ్లున్నారు, మసీదుకెళ్లే వాళ్లున్నారు, ఎవరూ దూరంగా నిలబడకూడదని. చందా ఎత్తితే లెక్కల దగ్గర పేచీలొస్తాయి కాబట్టి డబ్బులొద్దు, ఇంటికో వంట. ఒకరు పులిహోర, ఒకరు గుత్తొంకాయ, ఒకరు పెరుగు. వంట చేయలేని పెద్దవాళ్లు విస్తళ్లు తెస్తారు. ఒక్క జాగ్రత్త, మాటల్లేని రెండు ఇళ్ల వాళ్లకి వడ్డన పని కలిపి అప్పజెప్పండి. సాంబారు బకెట్ ఒకరు పట్టుకుంటే గరిటె ఇంకొకరు పట్టాలి, పలకరించుకోక తప్పదు.

సింగ్‌నగర్ కోడలు:

అందరికీ చాలా థాంక్స్ అండి. పేట తమ్ముడూ, మీరు చెప్పిన మూడు ప్రశ్నలు ఇప్పుడే గ్రూప్‌లో పెట్టాను, ఇద్దరు కుర్రాళ్లు కాలవ చూసొస్తామన్నారు. అర్జీ మా ఆయన రాస్తానన్నారు, నేనూ ఎదురింటి వదినా సంతకాలకి తిరుగుతాం, పరిహారం రాని రెండిళ్ల వాళ్ల కాగితాలు కూడా అప్పుడే చూస్తాం. పిన్నిగారూ, ఇంటికో వంట అంటే ఒకే కూర నలుగురు తెస్తే ఎలాగండి? ముందే పేర్లు రాసుకుంటారా?

గుణదల పిన్ని:

రాసుకుంటాం తల్లీ, వారం ముందే. పప్పు మాత్రం ఇద్దరికి చెప్పు, ఎప్పుడూ చాలదు.