అడగకుండా వడ్డించి డబ్బు తీసుకోవడం ఆతిథ్యమేనా? క్యోటో ఇజకాయలో ఎదురైన ప్రశ్న

దూరప్రయాణం:
గత నవంబరులో మా అమ్మను, మా ఆవిడను తీసుకుని జపాన్ వెళ్లాను. క్యోటోలో మూడో రోజు రాత్రి పొంతోచో దగ్గర ఒక ఇరుకు సందులో చిన్న ఇజకాయ, అంటే మద్యంతో పాటు చిన్న చిన్న వంటకాలు వడ్డించే కొట్టు, కనిపిస్తే లోపలికి వెళ్లాం. కౌంటర్ ముందు ఎనిమిది కుర్చీలు మాత్రమే ఉన్నాయి. వంట చేసేది ఒక పెద్దాయన, వడ్డించేది ఆయన భార్య. కూర్చోగానే ఆవిడ వేడి తువ్వాళ్లు అందించి, మేము ఇంకా మెనూ తెరవకముందే మూడు చిన్న గిన్నెల్లో ఉడికించిన పాలకూర తెచ్చి పెట్టారు. వచ్చినవారిని పలకరించే పద్ధతి కాబోలు అనుకుని సంతోషించాం. మా అమ్మ ఆవిడకు దండం పెట్టి మరీ గిన్నె అందుకుని, కొంచెం కూడా మిగల్చకుండా తిన్నది. తీరా బిల్లు చూస్తే దానికి మనిషికి 400 యెన్ల చొప్పున 1,200 యెన్లు వేసి ఉన్నాయి. అడిగితే గోడకు తగిలించిన, జపనీస్‌లో రాసిన పలక ఒకటి చూపించారు. దీన్ని ఒటోషి అంటారని తర్వాత తెలిసింది. డబ్బు మారుమాట లేకుండా ఇచ్చాను. అయితే మేము అడగనిదాన్ని, ధర చెప్పకుండా, ముందు పెట్టి డబ్బు తీసుకోవడాన్ని ఆతిథ్యం అనవచ్చా? అక్కడి పద్ధతులు తెలిసినవారు చెప్పగలరు.

ఒసాకావాసి:
ముందుగా ఒక సవరణ. ఒటోషి అనేది టోక్యో వైపు మాట. క్యోటో, ఒసాకా ఉన్న కాన్సాయ్ ప్రాంతంలో దాన్ని ఎక్కువగా త్సుకిదాషి అంటారు. నేను ఇక్కడ పదకొండేళ్లుగా ఉంటున్నాను కాబట్టి ఈ మాట నమ్మకంగా చెబుతున్నాను.

ఇక అసలు విషయానికి వస్తే, అది మీరు కూర్చున్న చోటికి ఇచ్చే డబ్బు. ఇజకాయలలో మనిషికి 300 నుంచి 500 యెన్ల వరకు తీసుకోవడం మామూలే. ఎనిమిది కుర్చీలున్న చోట ఒక్కొక్కరు రెండు గంటలు కూర్చుంటే ఆ రాత్రికి ఎంతమంది రాగలరో మీరే లెక్క వేసుకోండి. జపాన్‌లో టిప్పు ఇచ్చే అలవాటు లేదు. మీరు బల్ల మీద నాణేలు వదిలి వెళితే, మరచిపోయారనుకుని వెనకే పరుగెత్తుకొచ్చి చేతిలో పెడతారు. అలాంటి మనుషులను 400 యెన్ల కోసం మోసం చేశారన్నట్లు రాయడం నాకు బాధ కలిగించింది. మొదటి గుక్కతో పాటు నోట్లో వేసుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి, ఈలోగా వంటాయన మీరు చెప్పినవి మొదలుపెట్టాలి. దాని వెనుక ఉన్న ఆలోచన అది. ఆ ఒక్క చిన్న గిన్నెతోనే ఆ వంటగది పనితనం ఎలాంటిదో తెలిసిపోతుంది.

రెండోకప్పు:
ఇటలీలో కోపెర్తో పేరుతో మనిషికింత అని తీసుకుంటారు. అయితే అది మెనూలో రాసి ఉంటుంది.

దూరప్రయాణం:
నేను అడుగుతున్నదీ అదే. మోసం అన్న మాట నేను వాడలేదు, దయచేసి నా రాతలో లేనిదాన్ని నాకు అంటగట్టవద్దు. 2021 ఏప్రిల్ నుంచి జపాన్‌లో వినియోగ పన్నుతో కలిపిన మొత్తం ధరను కొనేవారికి కనిపించేలా చూపించడం తప్పనిసరి. ధరల విషయంలో అంత కచ్చితంగా ఉండే దేశంలో, సగం మంది బయటి దేశాలవారే తిరిగే వీధిలో, కుర్చీకి డబ్బు ఉందన్న ఒక్క ముక్క మాత్రం అర్థమయ్యేలా చెప్పనక్కరలేదా? ఇక పేరు సంగతి. బిల్లును ఫోన్‌లో అనువదించి చూశాను. దాని మీద ఒటోషి అనే ఉంది.

ఒసాకావాసి:
బిల్లు మీద ఏది అచ్చయినా, అక్కడివారు నోటితో అనే మాట త్సుకిదాషి. పలక మీద రాసి ఉందని మీరే అన్నారు. రాసి ఉన్నదాన్ని చదవలేకపోవడం చదవలేనివారి లోటు గాని, రాసినవారి లోటు కాదు.

నాకు ఇంత కోపం ఎందుకు వస్తోందో కూడా చెబుతాను. మా ఇంటి దగ్గర తొమ్మిది కుర్చీల చిన్న భోజనశాల ఉంది. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో, మాట రాని రోజుల్లో, నన్ను కూర్చోబెట్టి అన్నం పెట్టిన చోటు అది. నిరుడు మనవాళ్లు ఆరుగురు వస్తున్నామంటే వారి తరఫున నేనే ఫోన్ చేసి ఆరు కుర్చీలు చెప్పాను. ఆయన పొద్దున్నే బజారుకు వెళ్లి ఆరుగురికి సరిపడా చేప తెచ్చి, వేళకు కోసి, పళ్లేలు సిద్ధం చేసుకున్నారు. మనవాళ్లు రాలేదు. మరో చోట ఏదో బాగుందని అక్కడే ఆగిపోయారట, కనీసం ఒక కబురు కూడా పంపలేదు. ఆ సాయంత్రం మిగిలిన మూడు కుర్చీలతో ఆయన కొట్టు నడిపారు, చెప్పి ఉంచిన ఆరింటినీ చివరి దాకా ఎవరికీ ఇవ్వలేదు. మర్నాడు నేను డబ్బు తీసుకుని వెళితే, పుచ్చుకోలేదు సరికదా, దారి తప్పారేమోనని కంగారుపడ్డానన్నారు. ఆ మాట విన్నాక నెల రోజులు ఆ వీధిలో నడవలేకపోయాను. మర్యాద గురించి వాళ్లను నిలదీసే ముందు మనం ఎలా ఉంటున్నామో చూసుకోవాలి.

పాతసభ్యుడు:
వాళ్లు రాకపోవడం నిజంగా తప్పే. కానీ దూరప్రయాణం గారు వెళ్లారు, తిన్నారు, డబ్బు ఇచ్చారు. ఆ ఆరుగురి తప్పుకు ఈయనను ఎందుకు బోనెక్కిస్తున్నారు?

ఒసాకావాసి:
బోనెక్కించడం లేదు. డబ్బు ఇచ్చాక కూడా సణగడం మానలేదనే అంటున్నాను.

ఫుకుఓకాలోచదివాను:
ఇన్నాళ్లూ చదవడమే గాని రాయలేదు. ఈ గిన్నెలు నా చేతుల మీదుగా వందల సంఖ్యలో వెళ్లాయి కాబట్టి రాస్తున్నాను. ఫుకుఓకాలో చదువుకునే రోజుల్లో, విద్యార్థులకు అనుమతించే వారానికి 28 గంటల పరిమితిలో, ఒక ఇజకాయ వంటగదిలో పని చేశాను. సాయంత్రం తెరవక ముందు ఒటోషి తయారు చేయడం నా పని. పాలకూర కట్టలను ముందు కాడల వైపు మరుగుతున్న నీళ్లలో ముంచి, తర్వాత ఆకులను వదిలి, వెంటనే చన్నీళ్లలో వేసి, వెదురు చాప మీద చుట్టి నీరంతా పిండి, బొటనవేలంత ముక్కలుగా కోసేదాన్ని. వాటిని దాషి రసంలో నానబెట్టి, వడ్డించే ముందు పైన కత్సువోబుషి పొరలు చిటికెడు చల్లాలి. చూడటానికి గుప్పెడు ఆకుకూరే గాని, దాని వెనుక గంటకు పైగా పని ఉంది. ఉత్తినే పెట్టలేరు, ఆ డబ్బు న్యాయమేనని నేనూ అంటాను.

అయితే ఒక సంగతి నా మనసులో ఇప్పటికీ మెదులుతూ ఉంటుంది. కత్సువోబుషి అంటే ఉడికించి, పొగబెట్టి, కర్రలా గట్టిపడే దాకా ఎండబెట్టిన చేపను పల్చగా చిత్రిక పట్టిన పొరలు. దాషి రసం కూడా చాలా చోట్ల ఆ చేపతోనూ కొంబు అనే సముద్రపు నాచుతోనూ కాస్తారు. బయటి దేశాలవారు ఆకుకూరే కదా అని తినేవారు. అందులో చేప ఉందని వారికి తెలియదు. వారు అడగలేదు, మేమూ చెప్పలేదు.

దూరప్రయాణం:
ఫుకుఓకాలోచదివాను గారు రాసింది చదివాక ఇక దాచడంలో అర్థం లేదు.

మా అమ్మ పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి చేప ముట్టిన మనిషి కాదు. ఆ పాలకూర మీద గులాబీ రంగు పల్చని పొరలు ఎండిన పూరేకుల్లా ఉన్నాయి. ఇదేం పువ్వురా అని ఆమె నన్నడిగింది, ఇక్కడ పూలు కూడా తింటారట అని నేనే చెప్పాను. రుచి ఆమెకు నచ్చలేదని మొహం చూస్తేనే తెలిసింది. అయినా పరాయి దేశంలో ఒక పెద్దావిడ వంగి రెండు చేతులతో అందించిన దాన్ని వదిలేస్తే ఆమె నొచ్చుకుంటుందని చివరి ఆకు దాకా తిన్నది. గదికి వచ్చాక నా ఆవిడ ఆ ఫొటోను వెతికి చూసింది. చెప్పకుండా ఉండాల్సింది, కానీ మా మాటలు అమ్మ వినేసింది. ఒక్క మాట కూడా అనలేదు. స్నానం చేసి వచ్చి పడుకుంది. మిగిలిన నాలుగు రోజులూ పళ్లు, రొట్టె తప్ప ఏమీ తినలేదు, ఏ భోజనశాల గుమ్మమూ ఎక్కలేదు. ఆ గిన్నెకు నేను 400 యెన్లు చెల్లించిన బిల్లు ఇప్పటికీ నా పర్సులో ఉంది. ఒసాకావాసి గారూ, దీన్ని మీరు సణుగుడు అంటారా?

ఒసాకావాసి:
ఆ మాటకు క్షమించమని అడుగుతున్నాను. కానీ ఇది మొదటి రోజే ఎందుకు రాయలేదు? ఇన్నాళ్లు మా చేత డబ్బు గురించి, పలక గురించి వాదించారు. ఇప్పుడు కఠినంగా ఒక మాట అంటాను, అనక తప్పదు. శాకాహారి అయిన తల్లిని ఇజకాయకు తీసుకువెళ్లి, ఆ సంగతి చెప్పకుండా కూర్చోబెట్టింది మీరు. క్యోటోలో బౌద్ధాలయాల దగ్గర షోజిన్ ర్యోరి అనే శాకాహార భోజనం దొరుకుతుంది. అందులో రసం కొంబుతోనూ ఎండు పుట్టగొడుగులతోనూ కాస్తారు, మాంసం, చేప ఉండవు. ఒక్క పూట ముందు విచారించి ఉంటే సరిపోయేది. ఎదుటివారి మనసులో ఏముందో ఆ ముసలి దంపతులకు ఎలా తెలుస్తుంది?

దూరప్రయాణం:
తప్పు నాది కాదని ఎక్కడ అన్నాను? పువ్వు అని చెప్పిన నోరు నాది. అందుకే రాయలేకపోయాను.

కానీ మీరు అడిగిన చివరి ప్రశ్నే నా ప్రశ్న కూడా. 2013లో బ్యూనస్ ఎయిరెస్‌లో ఒలింపిక్స్‌ను టోక్యోకు ఇమ్మని కోరుతూ జపాన్ తరఫున మాట్లాడినవారు ఒమోతెనాషి అన్న మాటను అక్షరం అక్షరం విడదీసి పలికారు. అతిథి నోరు తెరవకముందే అతని అవసరం గ్రహించి తీర్చడం అని ఆ మాటకు అర్థం చెబుతారు. వచ్చే అతిథి మనవాడే అయినప్పుడు, మనం తినేదే తింటున్నప్పుడు అది ఎంతో గొప్ప పద్ధతి. వేరే లోకం నుంచి వచ్చినవారి విషయంలో మాత్రం అడగకుండా గ్రహించడం కుదరదు. వారిని అడిగే తీరాలి. ముందు అడగాలన్నదే నా మాట, డబ్బు సంగతి కానే కాదు.

ఒసాకావాసి:
ఇప్పుడు మన తేడా ఎక్కడుందో తెలిసింది, ఇక్కడ నేను మీతో ఏకీభవించను. ఎనిమిది కుర్చీల కొట్టు విమానాశ్రయం లాంటిది కాదు. ఒకరి ఇల్లు లాంటిది. క్యోటోలో ఇప్పటికీ తెలిసినవారు వెంటబెట్టుకుని వస్తే తప్ప కొత్త మొహాన్ని లోపలికి రానివ్వని చోట్లున్నాయి. దాన్ని చాలామంది గర్వం అనుకుంటారు. కానీ తెలియని మనిషికి సరిగ్గా వడ్డించలేమన్న భయం కూడా అందులో ఉంది. గుమ్మానికి వేలాడే నోరెన్ తెర పక్కకు జరిపి లోపలికి అడుగు పెట్టినవాడే తానెవరో, ఏమి తినడో ముందు చెప్పుకోవాలి. ప్రతి అతిథినీ విచారణ చేసి కూర్చోబెట్టే చోట నేనైతే తినలేను.

సంచీలోపుస్తకం:
ఇద్దరికీ నా అనుభవం ఒకటి చెప్పాలనిపించింది. నేనూ చేప తినను. కనజావాలో ఆరు కుర్చీల చోట గుమ్మంలోనే నిలబడి, జపనీస్‌లో రాయించుకున్న చీటీ చూపించాను. దాని మీద ఉన్నది ఇంతే: నికు తో సకానా వా తాబెరారెమాసెన్, కత్సువో దాషి మో తాబెరారెమాసెన్. మాంసం, చేప తినలేను, కత్సువో రసం కూడా తినలేను అని అర్థం. వంటాయన దాన్ని రెండుసార్లు చదివి, పొయ్యి మీదున్న గిన్నెను చూసి, చేతులు అడ్డంగా పెట్టి కుదరదని చెప్పారు. తర్వాత చేతులు తుడుచుకుని కొట్టు వదిలి బయటికి వచ్చి, వీధి చివరి దాకా నాతో నడిచి, మరో చోట నన్ను అప్పగించి, అక్కడివారికి ఆ చీటీ తానే చదివి వినిపించి వెళ్లారు. నాతో ఉన్నవారు మనల్ని బయటికి పంపేశారని చిన్నబుచ్చుకున్నారు. నేను ఆ దేశంలో పొందిన మర్యాదలలో అంతకన్నా పెద్దది లేదు.

పాతసభ్యుడు:
కుదరదని చెప్పడం కూడా అడిగితేనే జరిగింది.

ఒసాకావాసి:
అడిగింది అతిథి అన్నది గమనించండి.

ఫుకుఓకాలోచదివాను:
నేను పని చేసిన చోట తినకుండా వెనక్కి వచ్చిన ఒటోషి గిన్నెను మా యజమాని పారేసే ముందు ఒక్క క్షణం చూసేవారు. ఉప్పు ఎక్కువైందా, వాసన వచ్చిందా అని నన్ను రుచి చూడమనేవారు. కారణం ఎప్పుడూ వంటలోనే వెతికేవారు, తిననివారికి అది నిషిద్ధమేమో అన్న ఆలోచన మాకు రాలేదు. దూరప్రయాణం గారి అమ్మగారి గిన్నె ఖాళీగా వెనక్కి వెళ్లింది. అంటే ఆ పెద్దావిడ ఆ రాత్రి సంతోషంగా పడుకుని ఉంటారు. తాను ఏమి పెట్టారో ఆమెకు ఇప్పటికీ తెలియదు. నాకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదని నా మటుకు నాకు అనిపిస్తుంది. బిల్లు మీద కొట్టు చిరునామా ఉంటే ఒక ఉత్తరం రాయండి, జపనీస్‌లోకి నేను మారుస్తాను.

ఒసాకావాసి:
రాయవద్దనే నా సలహా. ఆ వయసులో ఉన్న మనిషి ఆ మాట మోయలేరు.

దూరప్రయాణం:
రాత్రి అమ్మను అడిగాను. రాయమంది, అయితే ఆవిడను తప్పు పట్టినట్లు ఒక్క అక్షరం కూడా ఉండకూడదంది. గిన్నె పెట్టే ముందు ఇందులో చేప ఉందని చూపించే ఒక చిన్న బొమ్మ కౌంటర్ మీద ఉంచితే నాలాంటి వాళ్లకు తెలుస్తుందని మాత్రం రాయమంది. ఫుకుఓకాలోచదివాను గారూ, ఈ ఆదివారానికి తెలుగులో రాసి పంపుతాను. డబ్బు మాట అందులో ఉండదు.