చిన్నపిల్లలతో జర్మనీ వెళ్తున్నాం, మీ అనుభవాలు చెప్పండి

బెజవాడ అమ్మాయి:
అందరికీ నమస్తే. మావారికి మ్యూనిక్‌లో ఉద్యోగం వచ్చింది, బ్లూ కార్డ్ (పెద్ద చదువులు చదివి ఉద్యోగానికి వెళ్లేవాళ్లకి ఇచ్చే పర్మిట్) మీద నవంబర్‌లో అందరం వెళ్తున్నాం. పాపకి నాలుగేళ్లు, బాబుకి ఏడాదిన్నర. పాప ఎల్‌కేజీకి వెళ్తోంది, తెలుగు గలగలా మాట్లాడుతుంది కానీ ఇంగ్లిష్ రైమ్స్ వరకే. బాబుకి నేను పక్కన లేకపోతే నిద్ర పట్టదు. యూట్యూబ్‌లో ఎంతసేపూ జీతం, టాక్స్ గురించే చెప్తున్నారు, పిల్లల సంగతి ఎవరూ చెప్పట్లేదు. క్రెష్ దొరుకుతుందా, భాష రాని పిల్లని ఎలా చూసుకుంటారు, తిండి, చలి... చిన్న విషయమైనా రాయండి, చాలా టెన్షన్‌గా ఉంది.

హాంబర్గ్ నాన్న:
సిస్టర్, ముందు ఇల్లు. పెద్ద ఇల్లు అని కాదు, ఆ అడ్రస్ మీద మిమ్మల్ని రిజిస్టర్ చేసుకోనిచ్చే ఇల్లు. ఇంట్లో దిగిన రెండు వారాల్లో సిటీ ఆఫీసులో అన్మెల్డుంగ్ (అడ్రస్ రిజిస్ట్రేషన్) చేయించాలి, దానికి ఓనర్ సంతకం పెట్టిన కాగితం కావాలి. కొన్ని నెలలకి అద్దెకిచ్చే ఫర్నిష్డ్ ఫ్లాట్లలో చాలామంది ఆ కాగితం ఇవ్వరు. అది లేకపోతే టాక్స్ నంబర్ రాదు, ఆ నంబర్ లేకపోతే కిండర్‌గెల్డ్ కదలదు, కీటా (క్రెష్, నర్సరీ లాంటివి) సీటు కూడా అక్కడే ఆగిపోతుంది. అందుకే డబ్బు కట్టకముందే మెయిల్‌లో అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. కిండర్‌గెల్డ్ అంటే పిల్లల కోసం ప్రభుత్వం ఇచ్చేది, 2025లో ఒక్కొక్కరికి నెలకి 255 యూరోలు, 2026 జనవరి నుంచి 259. బ్లూ కార్డ్ వాళ్లకీ వస్తుంది. లేటుగా అప్లై చేస్తే వెనక్కి 6 నెలలవే ఇస్తారు.

ఓరుగల్లు టు మ్యూనిక్:
అక్కా, మేము మ్యూనిక్‌లోనే ఉంటాం. మూడేళ్ల లోపు వాళ్లకి క్రిప్పె, మూడు దాటితే కిండర్‌గార్టెన్, అన్నీ కలిపి కీటా అంటారు. ఏడాది నిండిన ప్రతి బిడ్డకీ సీటు హక్కు అని 2013 ఆగస్టు నుంచి చట్టం ఉంది, కానీ చట్టం ఉంటే సీటు ఉన్నట్టు కాదు. ఇక్కడ కీటా సంవత్సరం సెప్టెంబర్‌లో మొదలవుతుంది, నవంబర్‌కి చాలా చోట్ల నిండిపోతాయి. అయినా మధ్యలో ఊరు మారి వెళ్లేవాళ్లు ఉంటారు, కాబట్టి వదలకండి. సిటీ వాళ్ల 'కీటా ఫైండర్ ప్లస్' పోర్టల్‌లో పెట్టి ఊరుకుంటే చాలదు, ప్రైవేటువి, చర్చి వాళ్లవి, తల్లిదండ్రులే కలిసి నడుపుకునేవి, ఇంట్లో నలుగురైదుగురిని చూసుకునే టాగెస్‌ముట్టర్లు, అందరికీ విడివిడిగా మెయిల్ పెట్టండి. మా బాబుకి సీటు దొరికింది అలాగే, ఇంటి వెనక వీధిలో ఒక చిన్న కీటాకి నేరుగా వెళ్లి తలుపు కొట్టి అడిగితే.

సీటు దొరికాక అసలు సంగతి మొదలవుతుంది. మన దగ్గర ఏడుస్తున్న పిల్లని టీచర్ చేతిలో పెట్టి వెనక్కి చూడకుండా వచ్చేస్తాం కదా, ఇక్కడ అలా ఒప్పుకోరు. ముందు మీరు కూడా ఆ గదిలో ఒక మూల కూర్చోవాలి, తర్వాత పది నిమిషాలు బయటికి, ఆ తర్వాత అరగంట, అలా పెంచుతారు. ఐన్‌గెవ్యోనుంగ్ అంటారు దీన్ని. రెండు మూడు వారాల నుంచి నెల దాటి కూడా పట్టొచ్చు, పిల్లల్ని బట్టి. ఆ రోజుల్లో ఇంటర్వ్యూలు, జర్మన్ క్లాసులు ఏవీ పెట్టుకోకండి. నాకైతే మన పద్ధతి కంటే ఇదే వెయ్యి రెట్లు నయం అనిపిస్తుంది. మా వాడు కూడా అమ్మ కొంగు వదలని రకమే, ఇప్పుడు సాయంత్రం తీసుకురావడానికి వెళ్తే ఇంకాసేపు ఆడుకుంటానంటాడు.

బెర్లిన్ చిట్టి:
ఫీజు ఊరిని బట్టి చాలా మారుతుంది, ఎవరిదో చూసి లెక్క వేసుకోవద్దు. మా బెర్లిన్‌లో కీటాకి ఫీజు లేదు, భోజనానికి నెలకి 23 యూరోలు. హాంబర్గ్‌లో రోజుకి ఐదు గంటలు ఉచితం.

చింతకాయ పచ్చడి:
భాష గురించి నేను చెప్తాను, మా పాప సరిగ్గా మీ పాప వయసులోనే వచ్చింది (మేము స్టుట్‌గార్ట్). మొదట్లో నెలల తరబడి కీటాలో నోరు విప్పలేదు. ఇంటికొచ్చి మాత్రం ఒకటే వాగుడు. నాకు భయం వేసి ఇంట్లో కూడా ఇంగ్లిష్ మొదలుపెడదామా అనుకుంటుంటే పిల్లల డాక్టరే వద్దన్నారు, మీకు బాగా వచ్చిన భాషలోనే మాట్లాడండి, కథలు చెప్పండి, జర్మన్ సంగతి కీటా చూసుకుంటుంది అని. అలాగే అయింది. విన్నదంతా లోపల దాచుకుంటారు, ఒకరోజు ఉన్నట్టుండి వాక్యాలే వస్తాయి. ఒక పని చేయండి, ఆకలి, నీళ్లు, నొప్పి, సుస్సు, అమ్మ కావాలి, ఇలాంటి మన తెలుగు మాటలు జర్మన్ అక్షరాల్లో రాసి పక్కన జర్మన్‌లో అర్థం పెట్టి ఆ కాగితం టీచర్లకి ఇవ్వండి. మా కీటా టీచర్లు దాన్ని బీరువా తలుపుకి అంటించుకున్నారు, పాప 'నీళ్లు' అనగానే గ్లాసు ఇచ్చేవాళ్లు. పాపకి కూడా టాయిలెట్, వాసర్ (నీళ్లు), స్టాప్ అనే మూడు మాటలు నేర్పించి పంపాను.

తిండి: శాకాహారులైతే ముందే రాసివ్వండి, గమ్మీ మిఠాయిల్లో జెలటిన్ (జంతువుల నుంచి తీసేది) ఉంటుంది కాబట్టి అవి పెట్టొద్దని కూడా చెప్పండి, పుట్టినరోజులకి అవే పంచుతారు. మధ్యాహ్నం బ్రెడ్డు, చీజ్, పచ్చి క్యారెట్ చూసి గాభరా పడొద్దు. పొద్దున, రాత్రి మీ పప్పన్నం నెయ్యి మీరు పెట్టుకుంటారు కదా.

ఫ్రాంక్‌ఫర్ట్ పాత కాపు:
నా మాట వేరు. మీ వారిని ముందు పంపండి, ఇల్లు దొరికాక మార్చిలో మీరు పిల్లలతో వెళ్లండి. డిసెంబర్‌లో మ్యూనిక్‌లో నాలుగున్నరకల్లా చీకటి. ఆయన ఆఫీసులో, మీరు హోటల్ లాంటి గదిలో ఇద్దరు పిల్లలతో, మాట్లాడే మనిషి ఉండడు. ఆ చలికాలం మా ఆవిడని చాలా కుంగదీసింది, అందుకే చెప్తున్నా.

బెర్లిన్ చిట్టి:
అన్నయ్యా, మీ ఇంట్లో పడ్డ బాధ అర్థమవుతోంది, కానీ ఏడాదిన్నర బాబుని నాన్నకి అన్ని నెలలు దూరం పెట్టడం కూడా చిన్న విషయం కాదు. అడ్రస్ కాగితం ఇచ్చే ఇల్లు చేతిలో ఉంటే కలిసే రమ్మంటాను, లేకపోతే మీరన్నదే సరి. చీకటికి మందు ఒక్కటే, వాన అయినా మంచు అయినా పగలు రోజూ బయటికి వెళ్లడం. మాట్‌ష్‌హోజె అని రబ్బరు లాంటి ప్యాంటు, గమ్ బూట్లు ఉంటే పిల్లలు బురదలో పొర్లినా ఏం కాదు, కీటా వాళ్లు కూడా వానలోనే ఆడిస్తారు. ఇండియా నుంచి స్వెటర్లు మోయకండి. ఇక్కడ వసంతంలో, శరదృతువులో పిల్లల పాత బట్టల సంతలు పెడతారు, మంచి మంచి జాకెట్లు తక్కువకి దొరుకుతాయి, మన దగ్గరలా వాడిన బట్టలంటే ఎవరూ చిన్నచూపు చూడరు. కారు సీటులో మాత్రం లావు జాకెట్ తీసేసి బెల్టు పెట్టండి, జాకెట్ మీద బెల్టు వదులవుతుంది. ఇంకోటి, తల్లులూ పిల్లలూ కలిసే గుంపులు ప్రతి పేటలో ఉంటాయి, భాష రాకపోయినా వెళ్లి కూర్చోండి. నాకు మొదటి స్నేహితురాలు అక్కడే దొరికింది, ఆమెది సిరియా.

బెజవాడ అమ్మాయి:
అందరికీ చాలా థాంక్స్, మా వారితో కూర్చుని ఇల్లు విషయం మళ్లీ చూస్తున్నాం. ఇంకో రెండు: టీకాలు ఇక్కడివి ఒప్పుకుంటారా? మా అత్తయ్యగారు తోడు వస్తానంటున్నారు, ఎన్నాళ్లు ఉండొచ్చు?

హాంబర్గ్ నాన్న:
అత్తయ్యగారికి షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే విజిట్ వీసా), 180 రోజుల్లో 90 రోజులే. కనీసం 30,000 యూరోల మెడికల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. దిగగానే పిలిపించుకోకండి, కీటాలో అలవాటు చేసే వారాలకి ఒక పిల్ల దగ్గర మీరు, ఇంకో పిల్ల దగ్గర ఆవిడ ఉండేలా టికెట్ తీయండి.

ఓరుగల్లు టు మ్యూనిక్:
టీకాలు ఒప్పుకుంటారు అక్కా, కార్డులో తేదీలు, టీకా పేర్లు, డాక్టర్ స్టాంపు స్పష్టంగా ఉండాలి. తట్టు టీకా రుజువు లేకుండా కీటాలో చేర్చుకోరు, 2020 మార్చి నుంచి చట్టం అది. ఏడాది నిండితే ఒక డోసు, రెండేళ్లు నిండితే రెండు చూపించాలి. పాపకి రెండూ పడ్డాయో లేదో ఇప్పుడే కార్డు తీసి చూసుకోండి. బాబుకి రెండోది బాకీ ఉంటే మీ డాక్టర్‌ని అడిగి అక్కడే వేయించి రండి, ఎందుకంటే ఇక్కడ పిల్లల డాక్టర్లు చాలామంది కొత్తవాళ్లని తీసుకోవట్లేదంటారు, ఒకరు దొరికేసరికి ఆలస్యమవుతుంది. అడ్రస్ తెలియగానే చుట్టుపక్కల డాక్టర్లకి ఫోన్లు మొదలుపెట్టండి. రాత్రిపూట జ్వరం వస్తే డ్యూటీ డాక్టర్ల నంబర్ 116117కి ఫోన్ చేయండి, ప్రాణం మీదికొస్తే అంబులెన్స్‌కి 112. జ్వరానికి వెంటనే యాంటీబయాటిక్ రాయరు, వాంతులు చేసుకునే పిల్లలకి మలద్వారంలో పెట్టే పారాసిటమాల్ ఇస్తారు, కంగారు పడొద్దు. మీ ఇల్లు ఏ పేటలో దొరికిందో ఇక్కడే రాయండి, అటువైపు డాక్టర్లు నాకు కొందరు తెలుసు.