ఊపిరితో కదిలే అవయవం, వెనకబడే రోబో చెయ్యి: మీ అనుభవాలు చెప్పండి

సాయి_వరంగల్
అందరికీ నమస్కారం. మెకట్రానిక్స్‌లో ఎం.టెక్ ప్రాజెక్టు చేస్తున్నాను. సిలికాన్‌తో కాలేయం బొమ్మ పోతపోసి, మోటార్‌తో ముందుకీ వెనక్కీ జరిగే పలక మీద పెట్టాను. మామూలుగా ఊపిరి తీసుకుంటే కాలేయం ఒకటి రెండు సెంటీమీటర్లు పైకీ కిందికీ జరుగుతుంది కదా, నేను రెండు సెంటీమీటర్లు, నాలుగు సెకన్లకో ఊపిరి పెట్టుకున్నాను. పైన కెమెరా, పక్కన చిన్న రోబో చెయ్యి, దాని కొనకి బయాప్సీ సూది. కెమెరా, దాని కోసం కింద అతికించిన గుర్తును బాగానే పట్టుకుంటోంది, చెయ్యీ దాని వెంటే వెళ్తోంది. కానీ సూది మొన ఎప్పుడూ కాస్త వెనకే ఉంటోంది. గెయిన్ (తేడా కనిపిస్తే చెయ్యి ఎంత గట్టిగా స్పందించాలో చెప్పే అంకె) పెంచితే చెయ్యి వణుకుతోంది. ఆపరేషన్ థియేటర్లలో వాడే మిషన్లు ఈ ఇబ్బందిని ఎలా దాటాయో, దగ్గర నుంచి చూసినవాళ్లు చెప్పండి.

ఫిజిసిస్ట్_చెన్నై
గెయిన్‌ని కాసేపు పక్కన పెట్టండి. కెమెరా ఫ్రేమ్ తీసి, గుర్తు వెతికి, ఆదేశం వెళ్లి, చెయ్యి కదిలేసరికి ఎంతసేపు పడుతోందో ముందు కొలవండి. 200 మిల్లీసెకన్లు అనుకుందాం. మీరిచ్చిన కొలతలకి పలక మధ్యలో ఉన్నప్పుడు వేగం సెకనుకు దాదాపు 16 మిల్లీమీటర్లు. అంటే మూడు మిల్లీమీటర్లు అక్కడే పోయాయి. చెయ్యి ఎంత చురుగ్గా ఉన్నా అది వెళ్తున్నది పాత ఫోటోలోని చోటికి. కదిలే బస్సు ఎక్కేవాడు మెట్టు ఇప్పుడున్న చోట కాలు పెట్టడు కదా, ఉండబోయే చోట పెడతాడు. మీ ప్రోగ్రాంకి కూడా ఆ అంచనా నేర్పాలి.

నేను పనిచేసేది సైబర్‌నైఫ్ మీద. అది కోసే రోబో కాదు, రేడియేషన్ ఇచ్చేది. ఫ్యాక్టరీలో వాడే లాంటి రోబో చేతికి లీనియర్ యాక్సిలరేటర్, అంటే రేడియేషన్ పుట్టించే యంత్రం, బిగించి ఉంటుంది. స్టాన్‌ఫర్డ్‌లో జాన్ ఆడ్లర్ అనే న్యూరోసర్జన్ మొదలుపెట్టారు, 1994లో మొదటి పేషెంట్‌కి వాడారు. తలలో గడ్డలకైతే పెద్ద చిక్కు లేదు, తల కదలకుండా మాస్క్ బిగిస్తారు. ఊపిరితిత్తులూ కాలేయమూ అలా బిగిస్తే ఆగవు. అందుకని గడ్డ దగ్గర బంగారు గింజలు పెడతారు. ఎక్స్‌రేలో అవి కనిపిస్తాయి కానీ, క్షణక్షణం ఎక్స్‌రే తీయలేం. ఛాతీ మీద చిన్న లైట్లు పెట్టి కెమెరాతో వాటిని ఆపకుండా చూస్తాం. ఛాతీ ఇంత లేస్తే లోపల గింజ ఇంత జరిగింది అని లెక్క కట్టి, అప్పుడప్పుడూ తీసే ఎక్స్‌రేతో ఆ లెక్క సరిచూస్తూ ఉంటాం.

కంగారుపెట్టే సంగతి ఒకటి చెప్తాను. ట్రీట్‌మెంట్ మధ్యలో చాలామందికి కునుకు పడుతుంది. ఊపిరి తీరు మారిపోతుంది. స్క్రీన్ మీద అప్పటిదాకా మా లెక్క గీత వెంబడి పడిన ఎక్స్‌రే చుక్కలు మెల్లగా పక్కకి జరగడం మొదలవుతుంది. ఛాతీ లైట్లలో తేడా ఏమీ కనిపించదు, లోపల గడ్డ మాత్రం వేరే చోట ఉంటుంది. అప్పుడు బీమ్ ఆపి, లెక్క మళ్లీ కట్టుకోవాల్సిందే.

మత్తు_డాక్టర్_విశాఖ
డావిన్చీ లాంటి, సర్జన్ నడిపే రోబోలతో చేసే ఆపరేషన్లలో పేషెంట్ కదలికని రోబో వెంటాడుతుందని చాలామంది అనుకుంటారు. అలా ఏమీ లేదు. కదలకుండా చూసే బాధ్యత మాది. పొట్ట గోడలో పోర్టు (పరికరం లోపలికి వెళ్లే రంధ్రం) దగ్గర రోబో చెయ్యి ఒక బిందువు చుట్టూ తిరుగుతుంది. పేషెంట్ దగ్గితే పొట్ట కదులుతుంది, ఆ బిందువు కదలదు, లోపల పరికరం ఉంటుంది. అందుకే కండరాలు సడలించే మందు సరిపడా ఉండేలా చూస్తాం. మణికట్టు నరానికి వరసగా నాలుగు చిన్న షాకులిచ్చి, బొటనవేలు ఎన్నిసార్లు కదిలిందో లెక్కపెడతాం. రోబో కేసుల్లో పేషెంట్ చేతులు ఒంటికి ఆనించి, పైన గుడ్డలు కప్పేస్తారు, వేలు కంటికి కనిపించదు. వేలికి సెన్సర్ పెట్టుకోవాలని అందుకే పట్టుబడతాను.

టేబుల్ సంగతీ అంతే. రోబో చేతులు తగిలించాక టేబుల్ వంచకూడదు, వంచాలంటే అన్నీ విప్పి మళ్లీ తగిలించాలి. డావిన్చీ ఎక్స్‌ఐ అనే మోడల్‌కి టేబుల్‌తో పాటు చేతులూ కదిలే ఏర్పాటు వచ్చాక మాకు ఆ కష్టం తగ్గింది.

సాయీ, కాలేయానికి మాత్రం వెంటాడటం ఒక్కటే దారి కాదమ్మా. మత్తులో ఉన్న పేషెంట్‌కి వెంటిలేటర్ కాసేపు ఆపితే నీకు కదలని కాలేయం దొరుకుతుంది.

ఫిజిసిస్ట్_చెన్నై
మత్తులో ఉంటే సరే మేడమ్. మా పేషెంట్లు మెలకువగా అరగంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు పడుకోవాలి. ఊపిరితిత్తుల గడ్డ ఉన్న పెద్దాయన్ని ఎన్నిసార్లని ఊపిరి బిగబట్టమంటాం?

ఆర్థో_ఓటీ_విజయవాడ
మోకాలి ఆపరేషన్లలో వాడే రోబోల దగ్గర ఉంటాను. మాకు ఎముక కదిలినా పర్వాలేదు, కదిలినట్టు తెలిస్తే చాలు. తొడ ఎముకకీ కాలి ఎముకకీ పిన్నులు బిగించి, వాటికి మెరిసే గుండ్లు పెడతాం, ఇన్‌ఫ్రారెడ్ కెమెరా వాటిని చూస్తుంది. సర్జన్ కాలు వంచినా రంపం హద్దు కాలితోపాటే కదులుతుంది. మొదట్లో ఈ సౌకర్యం లేదు. 1992లో అమెరికాలో శాక్రమెంటోలో రోబోడాక్‌తో తుంటి మార్పిడి చేసినప్పుడు ఎముకని రోబోకే క్లాంపుతో బిగించేశారు.

గుండు మీద రక్తం పడినా, ఎవరైనా అడ్డు నిలబడినా కెమెరాకి కనిపించదు, మిషన్ ఆగిపోతుంది. దానివల్ల పోయేది కాస్త టైమే. అసలు ప్రమాదం పిన్ను వదులైనప్పుడు. నేను ఇదివరకు పనిచేసిన ఆసుపత్రిలో ఒక పెద్దావిడకి ఎముక బాగా గుల్లబారి ఉంది. మధ్యలో పిన్ను కాస్త తిరిగింది. గుండ్లన్నీ చక్కగా కనిపిస్తున్నాయి, స్క్రీన్ మీద అంతా పచ్చగానే ఉంది. కోసే ముందు చెక్‌పాయింట్‌ని (సరిచూసుకోవడానికి ఎముక మీద ముందే గుర్తించిన చోటు) ప్రోబ్ అనే పుల్లతో ముట్టుకుంటే తేడా బయటపడింది. ఆ ముట్టుకోవడం దండగ అని విసుక్కునేవాళ్లని చూస్తే నాకు భయమేస్తుంది. సాయి గారూ, మీ కెమెరా గుర్తు సిలికాన్ మీద ఉందా, పలక మీద ఉందా? పలక మీద ఉంటే బొమ్మ జారినా మీకు తెలియదు.

రవి_పిట్స్‌బర్గ్
గుండె మాటేమిటని ఎవరూ అడగలేదు. గుండె ఎడమ గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వ్ అంచు సెకనుకు 200 మిల్లీమీటర్ల దాకా వేగం అందుకుంటుంది, పైన లెక్కలోని కాలేయం వేగానికి పదింతల పైనే. హార్వర్డ్‌లో రాబర్ట్ హౌ బృందం త్రీడీ అల్ట్రాసౌండ్‌తో దాన్ని వెంటాడే పరికరాలు చేసింది. గుండెలో ఒక సుగుణం ఉంది, ఈసీజీ సిగ్నల్ కండరం ముడుచుకోవడానికి ముందే వస్తుంది, కాబట్టి అంచనాకి దాన్ని కలుపుకోవచ్చు. ఇక్కడ కార్నెగీ మెలన్‌లో అయితే హార్ట్‌ల్యాండర్ అని గుండె మీదే సక్షన్‌తో అతుక్కుని పాకే చిన్న రోబో చేశారు. అవయవంతోపాటే అదీ కదులుతుంది, ఇక వెంటాడే పనేముంది! నాకు ఈ ఆలోచనంటే చాలా ఇష్టం.

సాయి_వరంగల్
కొలిచాను. 240 మిల్లీసెకన్లు వచ్చింది, అందులో ఎక్కువ భాగం కెమెరాదే. తేడా కూడా లెక్క ప్రకారమే నాలుగు మిల్లీమీటర్లకి దగ్గరగా ఉంది. కాల్మన్ ఫిల్టర్‌తో (పాత కొలతల నుంచి తర్వాతి చోటు లెక్కకట్టే పద్ధతి) ముందుకి అంచనా పెట్టాక, ఊపిరి ఒకే తీరుగా ఉన్నంతసేపూ ఒక మిల్లీమీటర్ లోపే. గుర్తుని సిలికాన్ మీదికి మార్చాను. అంచనాకీ కెమెరా చూపేదానికీ మధ్య తేడా 2 మిల్లీమీటర్లు దాటితే చెయ్యి ఉన్నచోటే ఆగిపోయేలా కూడా రాశాను. ఇది సరిపోతుందా?

రేడియాలజీ_కర్నూలు
సూది ఇంకా చర్మం బయట ఉంటే సరిపోతుంది. లోపల ఉంటే మాత్రం అలా ఆపొద్దు బాబూ!

ఫిజిసిస్ట్ గారికి బీమ్ ఆపితే క్షేమం, ఆర్థో వాళ్లకి రంపం ఆపితే క్షేమం. కాలేయంలో గుచ్చిన సూదిని గట్టిగా పట్టుకుని ఆపితే, ఊపిరికి కాలేయం జరుగుతుంది, సూది జరగదు, కాలేయం పైపొర చీరుకుంటుంది. రక్తం కారడం మొదలైతే ఆపడం కష్టం. చేత్తో బయాప్సీ చేసేటప్పుడు కూడా మేం సూది పెట్టగానే వదిలేస్తాం. పేషెంట్ ఊపిరి తీస్తుంటే సూది వెనక భాగం అటూ ఇటూ ఊగుతుంది, ఊగనివ్వాలి. నీ రోబోకి సూదిని బిగించి ఉంటే, ముందు ఆ బిగింపు మార్చు. తేడా వస్తే చెయ్యి ఆగడం కాదు, పట్టు వదలాలి. కరెంటు పోయినా పట్టు వదిలేలాగే స్ప్రింగ్ పెట్టు.

మత్తు_డాక్టర్_విశాఖ
ఈ మాటకి నాదీ సంతకం. దగ్గు కూడా పెట్టి పరీక్షించు. నీ పలక ఒకే తీరుగా ఊగుతోంది, మనుషులు అలా ఊపిరి తీయరు.

సాయి_వరంగల్
సూదిని రెండు స్క్రూలతో బిగించాను సార్, లోపల ఉన్నప్పుడు ఆపితే చీరుతుందన్న ఆలోచనే రాలేదు. స్ప్రింగ్‌తో తెరుచుకునే పట్టు గీస్తున్నాను, కరెంటు ఉన్నంతసేపే మూసుకుని ఉంటుంది. మేడమ్, దగ్గుకి పలక ఎంత వేగంగా, ఎంత దూరం కదలాలో చెప్తే మోటార్ సరిపోతుందో లేదో చూసుకుంటాను.