సి షిఫ్ట్‌లో ముగ్గురం నిద్రపోయాం, సస్పెన్షన్ మాత్రం నాకొక్కడికే

కూర్మన్నపాలెం కుర్రాడు: పరవాడ వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో ఎనిమిదేళ్లుగా పర్మినెంట్ ఆపరేటర్‌ని. పోయిన నెల సి షిఫ్ట్‌లో తెల్లవారుజామున మూడున్నరకి సేఫ్టీ ఆఫీసర్ రౌండ్‌కి వచ్చి, నిద్రపోతున్న మా ముగ్గురినీ ఒకే ఫోటోలో పట్టేశాడు. ఒకడికి ఉత్త వార్నింగ్ (వాడి మావయ్య యూనియన్‌లో పెద్ద తలకాయ, ఇంకేం చెప్పను), రెండోవాడికి ఇంక్రిమెంట్ కట్, నాకేమో సస్పెన్షన్, పైగా ఉద్యోగం ఎందుకు తీసేయకూడదో చెప్పమని చార్జిషీటు. ఇంట్లో ఇంకా చెప్పలేదు, రోజూ క్యారేజీ పట్టుకుని బయల్దేరి గాజువాకలో తిరిగి వస్తున్నా.

పెందుర్తి బావ: ముందు ఇంట్లో చెప్పు తమ్ముడూ. ఇంతకీ నీ డ్యూటీ ఎక్కడ? ప్యాకింగ్‌లో కునుకు తీయడం, రియాక్టర్ దగ్గర కునుకు తీయడం ఒకటి కాదు. మా దగ్గరా ఇలాగే ఇద్దరు దొరికితే కంట్రోల్ ప్యానెల్ మీద ఉన్నవాడికే గట్టిగా పడింది, అందులో తప్పేమీ నాకు కనపడలేదు.

కూర్మన్నపాలెం కుర్రాడు: ముగ్గురిదీ సెంట్రిఫ్యూజ్ సెక్షనే అన్నా.

రిటైర్డ్ క్లర్కు, మర్రిపాలెం: అయితే నీకు పాయింట్ ఉంది. 2013లో మధ్యప్రదేశ్ పోలీసు కానిస్టేబుల్ కేసులో, ఎక్కువ తప్పు చేసినవాడికి చిన్న శిక్ష వేసి తక్కువ తప్పు చేసినవాడిని డిస్మిస్ చేయడం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. కానీ అదే ఏడాది ఒక గ్రామీణ బ్యాంకు కేసులో ఇంకో మాట కూడా అంది: తప్పు ఒప్పుకుని క్షమాపణ రాసినవాళ్లకి తక్కువ వేసి, ఒప్పుకోకుండా ఎంక్వయిరీ దాకా వెళ్లినవాడికి ఎక్కువ వేస్తే అది వివక్ష కిందికి రాదు. మిగతా ఇద్దరూ ఏం రాసిచ్చారో కనుక్కో. వాళ్లకిచ్చిన ఆర్డర్ల కాపీలు ఎంక్వయిరీ ఆఫీసర్‌ని రాతపూర్వకంగా అడుగు, ఇవ్వకపోతే ఇవ్వలేదనే మాట రికార్డులోకి ఎక్కించు. సస్పెన్షన్‌లో మొదటి 90 రోజులు సగం జీతం, ఆలస్యం నీ వల్ల కాకపోతే ఆ తర్వాత 75 శాతం రావాలి. వస్తోందా?

కూర్మన్నపాలెం కుర్రాడు: రూపాయి పడలేదు. అడగొచ్చని కూడా తెలీదు సార్.

దువ్వాడ 530046: మీ గొడవ చదువుతుంటే నవ్వొస్తోంది, ఏడుపూ వస్తోంది. నేను కాంట్రాక్టోడిని. పర్మినెంటాయన, నేను కలిసి లైన్‌లో ఫోన్ చూస్తూ దొరికాం. ఆయనకి మెమో, నాకు గేటు దగ్గరే పాస్ లాగేసుకున్నారు, అంతే. చార్జిషీటు లేదు, ఎంక్వయిరీ లేదు. కంపెనీని అడిగితే నువ్వు మా మనిషివి కాదంటారు, కాంట్రాక్టర్‌ని అడిగితే కంపెనీ వద్దంది అంటాడు.

రిటైర్డ్ క్లర్కు, మర్రిపాలెం: అది కూడా తీసేయడమే బాబూ. పాస్ లాక్కున్న తేదీ, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు, పీఎఫ్ నంబరు పట్టుకుని లేబర్ ఆఫీసులో కాంట్రాక్టర్, కంపెనీ ఇద్దరి మీదా కంప్లయింట్ ఇవ్వు. నోటిమాటగా చెప్పి రాకు, రసీదు తీసుకో.

పెందుర్తి బావ: కూర్మన్నపాలెం తమ్ముడూ, పాత మెమోలేవైనా ఉన్నాయా?

కూర్మన్నపాలెం కుర్రాడు: ఒకటుంది. రెండేళ్ల కింద, ఇదే నిద్ర గురించి.

పెందుర్తి బావ: ఓరి నీ... అది మొదటే చెప్పాలి కదా!

రిటైర్డ్ క్లర్కు, మర్రిపాలెం: కంపెనీ ముందుగా చూపించేది ఆ కాగితమే. మిగతా ఇద్దరికీ పాత మెమోలు ఉన్నాయో లేదో చూడు, ఉంటే నీ వాదన నిలబడుతుంది. లేకపోతే సమానం సంగతి పక్కనపెట్టి, ఎనిమిదేళ్ల సర్వీసున్నవాడికి కునుకు తీసినందుకు డిస్మిసల్ మరీ ఎక్కువని వాదించుకోవాలి. కేసు విచారించే లేబర్ కోర్టుకో, ఇండస్ట్రియల్ ట్రిబ్యునల్‌కో శిక్ష తగ్గించే అధికారం ఉంది.

కూర్మన్నపాలెం కుర్రాడు: రెండోవాడికీ ఒకటి ఉందనుకుంటా. రేపు వాడి ఇంటికి వెళ్తా. ఫోన్ ఎత్తడం మానేశాడు మరి.