రద్దు చేసుకున్న బీటెక్ సీటు ఫీజు: ప్రైవేటు విశ్వవిద్యాలయం నుంచి ఎలా రాబట్టాలి?

మా అమ్మాయిని జూన్ 10న ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో బీటెక్‌లో చేర్చి, మొదటి ఏడాది ఫీజుగా రూ.1,20,000 ఆన్‌లైన్‌లో చెల్లించాము. ఆ తరువాత ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో ప్రభుత్వ విశ్వవిద్యాలయ కళాశాలలో సీటు రావడంతో, జులై 26న ప్రవేశం రద్దుకు రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకున్నాము. ప్రవేశాలకు వారు ప్రకటించిన చివరి తేదీ ఆగస్టు 31.

ఒరిజినల్ సర్టిఫికెట్లు మూడుసార్లు తిరిగితే ఇచ్చారు. డబ్బు మాత్రం, తిరిగి ఇవ్వబడదన్న నిబంధనకు మేము సంతకం చేశామంటూ ఇవ్వడం లేదు. చదవకుండా సంతకం చేయడం మా పొరపాటే. అయితే యూజీసీ (విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ) 2018లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, చివరి తేదీకి 15 రోజులు లేదా అంతకు ముందే రద్దు కోరితే, ప్రాసెసింగ్ ఖర్చు కింద 5 శాతం, అదీ రూ.5,000 మించకుండా, మినహాయించుకొని మిగిలినదంతా తిరిగి ఇవ్వాలి. ఈ లెక్కన మాకు రూ.1,15,000 రావాలి.

రిజిస్ట్రారుకు రెండు ఈమెయిళ్లు, ఒక రిజిస్టర్డ్ లేఖ పంపాము, జవాబు లేదు. యూజీసీ ఆన్‌లైన్ ఫిర్యాదుల పోర్టల్ ఈ-సమాధాన్‌లో చేసిన ఫిర్యాదు 40 రోజులుగా అక్కడే ఉంది. వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామంటే, విద్యాసంస్థలు వినియోగదారుల రక్షణ చట్టం పరిధిలోకి రావని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020లో ఇచ్చిన తీర్పు అడ్డొస్తుందని న్యాయవాది అన్నారు.

ఇటువంటి స్థితిలో ఫీజు నిజంగా వెనక్కి తెచ్చుకున్నవారు, ఈ-సమాధాన్ తరువాత ఏ అధికారిని లేదా ఏ న్యాయస్థానాన్ని ఆశ్రయించారో దయచేసి తెలుపగలరా?