అప్‌డేట్: కసూతి పట్టుకున్నాను, పుస్తకం కూడా

సాయంత్రాలన్నీ ఫోన్‌లోనే పోతున్నాయి, చేతికి ఏదైనా పని చెప్పండి అని అడిగాను కదా. బెంగళూరులో ఉంటూ కసూతి (కర్ణాటక సంప్రదాయ ఎంబ్రాయిడరీ) నేర్చుకోకపోతే ఎలా అన్న అక్కకి చాలా థాంక్స్. చిక్‌పేటలో దారాలు కొన్నాను. ధార్వాడ వైపు నుంచి వచ్చిన ఈ కుట్టులో ముడి వెయ్యరు, గవంతి అనే రకంలో ఒక కుట్టు వదిలి ఒకటి వేసుకుంటూ వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు ఆ ఖాళీలు నింపుతాం, అందుకే గుడ్డ తిరగేసినా అదే గీత. ఆఖరి ఖాళీ నిండినప్పుడు ఎంత హాయిగా ఉంటుందో! పోగులు లెక్కపెట్టాలి కాబట్టి మనసు ఎటూ పోదు. చెయ్యి లాగితే కథల పుస్తకం తీస్తాను. పరీక్ష కోసం కాకుండా ఊరికే చదవడం ఎంత బాగుందో. ఇప్పుడు గోపురం డిజైన్ మొదలుపెట్టాను, మెంతి కుట్టు (కసూతిలో క్రాస్ స్టిచ్) వచ్చినవాళ్లు ఉంటే చెప్పండి, లోపల నింపడానికి కావాలి.