పక్కింటి బాబుని మళ్ళీ చదువులో పెట్టాలంటే ఎలా?

అందరికీ నమస్తే అండి, మాది విజయవాడ. మా పక్క పోర్షన్‌లో 15 ఏళ్ళ బాబు ఉన్నాడు, వాళ్ళ నాన్న రోజూ తాగొచ్చి తల్లిని కొడతాడు, వీడు అడ్డమెళ్తే వీడికీ దెబ్బలే, ఇంట్లో డబ్బుల్లేక తొమ్మిదిలో బడి మానేసి మెకానిక్ షెడ్డులో చేరాడు. మొన్న చెల్లెలు పాలగ్లాసు పడేస్తే అచ్చం వాళ్ళ నాన్నలాగే చెయ్యెత్తాడు, తర్వాత మెట్ల మీద కూర్చుని ఒకటే ఏడుపు... అప్పట్నుంచి నాకు నిద్ర పట్టట్లేదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే పిల్లల్ని తీసుకెళ్ళిపోతారేమోనని వాళ్ళమ్మ భయం, మహిళల హెల్ప్‌లైన్ 181కి చేద్దామన్నా వద్దక్కా అంటోంది. పని చేసుకుంటూనే ఓపెన్ స్కూల్లో పది కట్టించొచ్చా? ఇలాంటి ఇంట్లో పెరిగి బయటపడ్డవాళ్ళుంటే అప్పట్లో మీకు ఏది పనికొచ్చిందో చెప్పండి ప్లీజ్, అసలు వాడితో నేనేం మాట్లాడాలి?